కింద పెట్టిన ఫింజాన్

ఏలకులు దంచుతుంటే లింబాద్రికి ఎడమ చెయ్యి మళ్లీ తిమ్మిరెక్కింది. దంచడం ఆపి, చేతిని గాలిలో రెండుసార్లు విదిలించి, మోచేతి దగ్గర కుడిచేత్తో పిసుక్కున్నాడు. భుజం నుంచి చిటికెనవేలి దాకా చీమలు పాకుతున్నట్టుంది. మొన్నటి నుంచి కాఫీ పాత్ర మోస్తున్న చెయ్యి కదా, బరువుకే అయ్యుంటుందని సర్ది చెప్పుకుని మళ్లీ ఇత్తడి రోలు ముందుకు లాక్కున్నాడు.

కిటికీ అవతల, గల్ఫ్‌లో పట్నం శివారున ఉన్న ఈ బనియాస్ అంతా పొగమంచులో మునిగి ఉంది. ఫిబ్రవరిలో తెల్లవారుజాములు ఇక్కడ ఇలాగే ఉంటాయి. ఎదురింటి ప్రహరీ కూడా కనిపించదు. మసీదు మీనారు మీది పచ్చదీపం ఒక్కటే దేనికీ ఆనకుండా గాలిలో వేలాడుతున్నట్టుంటుంది. పొయ్యి మీద నీళ్లు మరిగాయి. దోరగా వేయించిన కాఫీ గింజల పొడి అందులో వేసి, మంట తగ్గించి, నురగ పొంగి దిగేదాకా లింబాద్రి అక్కడే నిలబడ్డాడు. తరవాత ఏలకుల పొడి, కాసిని లవంగాలు, చిటికెడు కుంకుమపువ్వు వేశాడు. ఆ వాసన గదంతా నిండింది. మామూలు రోజుల్లో ఆ వాసన రాగానే పక్కగదిలోంచి చేతికర్ర టకటకలాడేది.

ఇంటి యజమాని బడే సాహెబ్ పోయి ఇది మూడో రోజు. పరామర్శకు ఇదే ఆఖరి రోజు.

లింబాద్రి పొట్టి మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. చెంపలు లోపలికి పోయి మీసం పూర్తిగా నెరిసింది. ఏళ్ల తరబడి కొంగముక్కులాంటి కొమ్ము ఉన్న కాఫీ పాత్రను, ఇక్కడివాళ్లు దల్లా అనే ఆ పాత్రను, ఎడమచేత్తోనే మోయడం వల్ల ఆ వైపు భుజం కిందికి దిగిపోయింది. ఖాళీ చేతులతో నడుస్తున్నా దూరం నుంచి చూస్తే ఏదో మోసుకొస్తున్నట్టే ఉంటాడు. పిడిలేని చిన్న కప్పుల్ని, ఫింజాన్లని, ఒకదానిలో ఒకటి పేర్చి కుడిచేత్తో పట్టుకుంటాడు. అవి తగిలి చిన్నగా చప్పుడైతే చాలు, మజ్లిస్‌లో, ఆ ఇంటి సభగదిలో, కూర్చున్నవాళ్లు తల తిప్పకుండానే చెయ్యి చాస్తారు.

దౌలత్‌బీ ఖర్జూరాల పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె ఆ ఇంటి వంటమనిషి. బోధన్ దగ్గర ఊరు. ఆ ఇంట్లో లింబాద్రితో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

"ఏంది లింబన్నా, మొఖం సున్నం గొట్టినట్టున్నది?"

"రాత్రి నిద్ర పట్టలే అక్కా."

"మరి గీ సలిల చెమటలేంది?"

"పొయ్యికాడ నిలబడ్డ గదా."

ఆమె పళ్లెం దించి అతని వైపు తేరిపార చూసింది. "దవఖానకు పోరాదు? షాహబాజ్‌కు జెప్త. బండిల ఎక్కించుకొని పోతడు."

"ఇయ్యాల మూడో దినం. ఇయ్యాల నేను లేకపోతె ఎట్ల? రేపు పోత తియ్."

"రేపు, రేపు. పెద్దాయన గూడ గట్లనే అనుకుంట పోయిండు," అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

లింబాద్రి ఈ ఇంటికి కాఫీ పోయడానికి రాలేదు. మెట్‌పల్లి దగ్గరి ఊరి నుంచి కట్టడం పనికి వచ్చాడు. అప్పటికి బనియాస్ ఇంత లేదు. సర్కారు కట్టించి ఇచ్చిన ఒకే తీరు చిన్న ఇళ్లు, మధ్యలో ఇసుక బాటలు, గోడల నీడన మేకలు. బడే సాహెబ్ ఇంటిముందు స్థలంలో ఈ పొడవాటి మజ్లిస్ గది కట్టించుకుంటుంటే, నేల మీద బండలు పరిచే ముఠాలో లింబాద్రి ఒకడు. పని ముగిసే రోజున, కాఫీ పోసే బలూచీ ముసలాయన జ్వరంతో మంచమెక్కాడు. ఇంటినిండా చుట్టాలున్నారు. బడే సాహెబ్ బయటికి వచ్చి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్న లింబాద్రిని వేలితో పిలిచాడు. తననే ఎందుకు పిలిచాడో లింబాద్రి ఎన్నడూ అడగలేదు. ఆ వేళకు శుభ్రమైన చేతులు తనవే కావడం వల్ల కావచ్చు.

ఆ సాయంత్రం పోసిన కాఫీ సగం కింద పోయింది. అయినా బలూచీ ముసలాయన మంచం దిగలేదు, లింబాద్రి మళ్లీ కట్టడాల వైపు వెళ్లలేదు. మెల్లగా పద్ధతులు తెలిశాయి. కప్పులో పావు వంతే పోయాలి. అంచుదాకా నింపితే "తాగి దయచెయ్యి" అన్నట్టు. తాగినవాడు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపితే ఇక చాలన్నట్టు. ఊదు పొగ తిప్పితే సభ లేచినట్టు. అన్నిటికంటే పెద్ద పద్ధతి ఒకటుంది. వచ్చినవాడు కప్పు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని. ఏం కావాలని ఇంటిపెద్ద అడగాలి. ఇస్తానని మాటిచ్చాకే అతను కప్పు ఎత్తుతాడు. కప్పులో కాఫీ అలాగే చల్లారిపోతే ఆ ఇంటికి తలవంపు.

ఆ వీధి ఎదిగిందే అలా నేల మీద పెట్టిన కప్పులతో. వీధి చివర చీకట్లో పిల్లలు భయపడుతున్నారని ఒక సూడానీ పంతులు కప్పు కింద పెట్టాడు. బడే సాహెబ్ మున్సిపాలిటీ చుట్టూ తిరిగి దీపస్తంభాలు వేయించాడు. గోడ గురించి తగువుపడి ఏళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే రోజు వచ్చి, ఒకరిని చూసి ఒకరు కప్పులు కింద పెట్టారు. ఆ తగువు తెల్లవారి నమాజు దాకా సాగి, ఇద్దరూ ఏడ్చి లేచారు. నీళ్ల ట్యాంకరు కింద పడి కూతురు పోయిన ఒక తండ్రి, కప్పు కింద పెట్టి, ఏమీ అడగలేక అలాగే కూర్చుండిపోయాడు. గదిలో ఉన్నవాళ్లెవరూ తమ కప్పులూ ముట్టుకోలేదు. కొద్ది రోజులకే వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ లేచింది. ఎండలో పనిచేసే కూలీలు మసీదు కుళాయి దగ్గర గుంపు కడుతున్నారని ఒకాయన ఫిర్యాదు తెచ్చాడు. బడే సాహెబ్ వాదించలేదు. మజ్లిస్ బయటి గోడకు చల్లని నీళ్ల మిషను పెట్టించాడు. అప్పటినుంచి గుంపు ఇక్కడే కడుతోంది.

పోయిన ఏడు ఏప్రిల్‌లో వాన పడి వీధంతా చెరువైనప్పుడు, ఇళ్లలోకి నీళ్లొచ్చిన ఆడవాళ్లు, పిల్లలు ఈ తివాచీల మీదే పడుకున్నారు. లింబాద్రి, డ్రైవరు షాహబాజ్ మోకాలి లోతు నీళ్లలో దిగి బకెట్లతో ఎత్తిపోస్తుంటే, బడే సాహెబ్ గుమ్మంలో కుర్చీ వేయించుకుని, పంపు ఎక్కడ పెట్టాలో కర్రతో చూపిస్తూ గొంతు పోయేలా అరిచాడు. ఆ తడికి పట్టుకున్న దగ్గు ఇక వదల్లేదు.

ఇవన్నీ జరిగినప్పుడు లింబాద్రి ఆ గదిలోనే, గోడకు ఆనుకుని, దల్లా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ మెత్తల మీద అతను ఎన్నడూ కూర్చోలేదు.

మంచు విడేసరికి కార్లు రావడం మొదలైంది. తెల్లటి పొడుగు అంగీల్లో మగవాళ్లు వరసగా లోపలికి వచ్చి, ఇక్కడి పద్ధతిలో బడే సాహెబ్ కొడుకుల ముక్కుకు ముక్కు ఆనించి, దేవుడు మీకు ఓర్పునివ్వాలని చెప్పి కూర్చుంటున్నారు. పెద్దకొడుకు తండ్రి కూర్చునే చోటికి పక్కన కూర్చున్నాడు. ఆ చోటు మాత్రం ఖాళీగా వదిలాడు. ఏదో పెద్ద ఆఫీసులో అధికారి కాబట్టి పనివాళ్లంతా అతన్ని ముదీర్ అంటారు. నలభై దాటి ఉంటాయి. కళ్లజోడు, కత్తిరించిన గడ్డం. పట్నంలో సముద్రం వైపు ఇల్లు. చిన్నప్పుడు ఇదే గదిలో లింబాద్రి వెనక తిరుగుతూ ఖాళీ కప్పులు ఏరేవాడు.

లింబాద్రి కుడివైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి ముందూ వంగి పోసుకుంటూ పోయాడు. వంగిన ప్రతిసారీ ఛాతీలో ఏదో బిగుసుకుని, నిటారుగా లేస్తే వదులయ్యేది. ఎవరూ అతని మొహం చూడలేదు. చూసే అలవాటు ఎవరికీ లేదు. మూడు రోజుల్లో అన్ని వందల మంది ఆ ఇంటివాళ్లను ఓదార్చారు. అతనితో ఎవరైనా అన్న మాట "ఇంకొంచెం" అనే.

పొద్దు నడినెత్తికి వచ్చాక నమాజు వేళకు గది ఖాళీ అయింది. లింబాద్రి బయటికి వచ్చి గోడ నీడన నిలబడ్డాడు. నీళ్ల మిషను దగ్గర రాజలింగం సీసా నింపుకుంటున్నాడు. రోడ్లు ఊడ్చే కంపెనీలో పని, ఒంటి మీద ఆకుపచ్చ బట్టలు, ముఖానికి రుమాలు. వాళ్ల ఊరు కోరుట్ల అవతల. లింబాద్రిని చూసి రుమాలు కిందికి లాగి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దాయన పోయిండట గద లింబన్నా."

"అవ్. మొన్న పొద్దుగాల."

"నీకు పెద్ద దిక్కు పాయె."

 మూడు రోజుల్లో ఆ మాట అన్నవాడు ఇతనొక్కడే. లింబాద్రి తల వంచుకుని, మిషను కింద కారిన నీళ్ల మడుగును కాలితో పక్కకు నెట్టాడు.

"మట్టికి పోయినవా?" అని రాజలింగం అడిగాడు.

"లే. ఖబరస్తాన్ నుంచి అందరు సీద గీడికే అస్తరు గదా. వచ్చేవరకు గహ్వా కాఫీ తయారుండాలె. ఉండిపోయిన."

"అయ్యో. ఆఖరి సూపు గూడ లేకపాయెనా?"

"లేకపాయె."

రాజలింగం ఇంకేదో అనబోయి, దూరంగా సూపర్‌వైజరు బండి కనిపిస్తే టోపీ పెట్టుకుని చీపురు అందుకున్నాడు. లింబాద్రి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. ఊళ్లో అంగన్‌వాడీ నడిపే కూతురు కల్పన.

"నాయినా, తిన్నవా?"

"ఇంక లేదు బిడ్డా. మంది అస్తున్నరు."

"గొంతు గట్లున్నదేంది? పానం మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్న. రేపు చేస్త తియ్."

"రేపు అంటవ్, చెయ్యవు. పెద్దసారు కూడ పాయె. ఇగ అక్కడ ఎవరున్నరని? వచ్చెయ్ నాయినా."

లింబాద్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఊళ్లో మాత్రం ఎవరున్నారని? భార్య కిష్టవ్వ లేదు. రెండో కరోనా ఏడు ఎండాకాలంలో జగిత్యాల దవఖానలో పోయింది. అక్కడి నుంచి ఇక్కడికి విమానాలు ఆగిపోయిన రోజులవి. వెళితే మళ్లీ ఎప్పుడు రాగలడో చెప్పేవాళ్లు లేరు. కల్పన దూరంగా నిలబడి ఫోనులో చితిని చూపించింది. లింబాద్రి ఇదే వంటగదిలో, చక్కెర డబ్బాకు ఫోను ఆనించి చూశాడు. పొగ తప్ప ఏమీ కనిపించలేదు. మధ్యలో బొమ్మ ఆగిపోయి, మంట మంటలాగే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం బడే సాహెబ్ మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి, కరోనాకు మూసేసిన మజ్లిస్ తాళం తనే తీశాడు. లింబాద్రిని పిలిచి కూర్చోమన్నాడు. లింబాద్రి గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన అవతలి కొసన తన చోట్లో కూర్చున్నాడు. మధ్యలో పొడుగాటి ఖాళీ గది.  మరునాడూ అలాగే పిలిచాడు, ఆ మరునాడూ. వీధిదీపాలు వెలిగేదాకా ఇద్దరూ కూర్చునేవాళ్లు. మూడో రోజు లేస్తూ లేస్తూ, "ఆమె పేరేమిటి?" అని అడిగాడు. లింబాద్రి చెప్పాడు. ఆ ముసలి నోటికి అది పలకలేదు. రెండుసార్లు ప్రయత్నించి, తల ఊపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తరవాత జనం ఇంకా పెరిగారు. ముదీర్ పక్కన కూర్చున్న బంధువు ఒకాయన గది పైకప్పు వైపు చూస్తూ, దీన్నేం చేస్తారని అడిగాడు. లింబాద్రి ఆయన ముందే వంగి కాఫీ పోస్తున్నాడు. ఏళ్లుగా విని విని అరబ్బీ అతనికి అర్థమవుతుంది.

"పడగొట్టేస్తాం," అన్నాడు ముదీర్ నెమ్మదిగా. "పెద్దరోడ్డు అవతల కాలనీకంతటికీ కొత్త మజ్లిస్ కట్టారు కదా. ఇప్పుడందరూ అక్కడికే పోతున్నారు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆగాం. స్థలం అన్నదమ్ములం పంచుకుంటాం. వచ్చే నెల ఖలాస్."

దల్లా కొమ్ము పక్కకు జరిగింది. వేడి కాఫీ ఆ బంధువు అంగీ తెల్లటి చేతిమీద, మణికట్టు దగ్గర, పచ్చగా పరుచుకుంది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.  లింబాద్రి భుజం మీది గుడ్డ తీసి వంగబోతే, ఫర్వాలేదు, ఫర్వాలేదని ఆయనే తుడుచుకున్నాడు. ముదీర్ కళ్లజోడు పైనుంచి లింబాద్రిని ఒకసారి చూశాడు. తనేం అన్నాడో, అది ఎవరు విన్నారో అతనికి అప్పుడే తట్టినట్టుంది.

లింబాద్రి వరస వదల్లేదు. మిగిలినవాళ్లకు పోసి, వంటగదిలోకి వచ్చి, తలుపు చాటున బియ్యం సంచి మీద కూర్చున్నాడు. షాహబాజ్ టీ కోసం వచ్చి చూశాడు. పెషావర్ వైపు మనిషి, ఆరడుగుల ఎత్తు, మాట మాత్రం మెత్తన.

"క్యా హువా భాయ్? తబియత్ ఖరాబ్?"

"కుఛ్ నై. హాథ్ దర్ద్ హై."

షాహబాజ్ అతని ఎడమచేతిని తన పెద్ద చేతుల్లోకి తీసుకుని కాసేపు నొక్కాడు. చెయ్యి చల్లగా ఉంది. హాస్పిటల్‌కు పోదామన్నాడు. మజ్లిస్ లేచాక అన్నాడు లింబాద్రి.

చీకటి పడుతుండగా ఊదు పొగ తిప్పారు. ఆ పొగను అంగీల్లోకి, గడ్డాల్లోకి పట్టించుకుని మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఆఖరి కారు మలుపు తిరిగింది. తమ్ముళ్లు లోపలింట్లోకి పోయారు. ముదీర్ ఒక్కడే కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటూ కూర్చున్నాడు. లింబాద్రి వంగి కప్పులు ఏరుతున్నాడు.

"బైఠో లింబాద్రీ," అన్నాడు ముదీర్. ఆ ఇంటి పిల్లలంతా వంటగదిలో నేర్చుకున్న హిందీ అది.

లింబాద్రి నిలబడే ఉన్నాడు.

"బైఠో," అని ముదీర్ పక్కనున్న మెత్తను చేత్తో తట్టాడు.

లింబాద్రి మెత్త అంచున కూర్చున్నాడు. అంత మెత్తగా ఉంటుందని అతను అనుకోలేదు. నడుము ఒక్కసారిగా లోపలికి దిగితే భయపడి పట్టుకోవడానికి వెతుక్కున్నాడు. దల్లా కింద పెట్టబోతే ఎడమచెయ్యి మాట వినక, అది తివాచీ మీద ఒరిగింది. ముదీర్ దాన్ని నిలబెట్టి తన దగ్గర పెట్టుకున్నాడు.

తరవాత చెప్పాల్సింది చెప్పాడు. వీసా తండ్రి పేరు మీద ఉంది. ఆయన లేడు కాబట్టి అది నిలవదు. తన ఇంట్లో ఈ పని లేదు, ఈ వయసులో ఇంకోచోట ఎవరూ పెట్టుకోరు. టికెట్ తను తీస్తాడు. నెలాఖరుకల్లా వెళ్లాల్సి ఉంటుంది. చెబుతున్నంతసేపూ అతను తివాచీ మీది పువ్వునే చూశాడు. లింబాద్రి ప్రతి మాటకూ తల ఊపాడు. ఇందులో తప్పెవరిదీ కాదని అతనికి తెలుసు. అది తెలియడం వల్ల ఒరిగిందేమీ లేదు.

ముదీర్ ఒక ఫింజాన్ తీసుకుని, దల్లా వంచి, దాన్ని అంచుదాకా నింపాడు. పోయడం అతనికి రాదు. పొంగి వేళ్ల మీద పడుతున్నా పట్టించుకోకుండా రెండు చేతులతో అందించాడు.

లింబాద్రి అందుకున్నాడు. కప్పు నిండా ఉన్న కాఫీని కాసేపు చూశాడు. ఇన్నేళ్లలో ఈ గదిలో అతనికి ఎవరూ కాఫీ పోయలేదు. పెదవుల దాకా తెచ్చి, ఆగి, మెల్లగా వంగి కప్పును నేల మీద పెట్టాడు.

ముదీర్ తల ఎత్తాడు. ముందు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక మొహం మారిపోయింది. ఏమడుగుతాడో ఊహించి, కాదనడానికి మాటలు వెతుక్కుంటున్నట్టు పెదవులు తడుపుకున్నాడు. కానీ తండ్రి కూర్చునే చోటు పక్కనే ఉంది. ఖాళీగా.

"క్యా చాహియే?" అన్నాడు చివరికి.

లింబాద్రి ఆ ఖాళీ చోటు వైపు తిరిగాడు. "బడే సాబ్ కా ఖబర్," అన్నాడు. "ఏక్ బార్ దేఖ్నా." తరవాత హిందీ దొరక్క, తెలుగులోనే, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "నా ఇంటిదాన్ని గూడ సూడలే నేను. సాబ్‌ను గూడ సూడకపోతి."

తెలుగు ముదీర్‌కు రాదు. తండ్రి సమాధి ఒక్కసారి చూడాలన్న మొదటి మాట చాలింది. చూపు తిప్పుకుని, కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ తీసేశాడు.

"పీయో," అన్నాడు.  "కల్ సుబే షాహబాజ్ లే జాయేగా. మై భీ ఆవూంగా. పీయో, లింబాద్రీ."

లింబాద్రి కప్పు ఎత్తి తాగాడు. చల్లారింది, ఏలకులు కాస్త ఎక్కువయ్యాయి. ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి, ముదీర్ చేతిలో పెట్టాడు.

ఆ తరవాత అతను రోజూ చేసే పనులే చేశాడు. తివాచీలు దులిపి, మెత్తలు సర్ది, దల్లాలు చింతపండుతో తోమి బోర్లించాడు. మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. షాహబాజ్ మళ్లీ వచ్చి హాస్పిటల్ మాట ఎత్తితే, "సుబే, సుబే. పైలే సాబ్ కే పాస్, ఫిర్ హాస్పిటల్," అన్నాడు. దౌలత్‌బీ రొట్టె, పప్పు తెచ్చి ముందు పెడితే సగం తిన్నాడు.

"పొద్దున నన్ను సాబ్ దగ్గరికి తీస్కపోతరట అక్కా," అని చెప్పాడు ఆమెతో. "కొత్త అంగి ఏసుకుంట."

"ఏస్కో. ముందుగాల పండుకో పో," అందామె.

పొద్దునే మజ్లిస్‌కు వచ్చేవాళ్లకు ఉడికించిన శనగలు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. రేపటి నుంచి ఎవరూ రారు. ఆ సంగతి లింబాద్రికి తెలుసు. కానీ చెయ్యి అలవాటు కొద్దీ అలమర తెరిచి, శనగలు గిన్నెలో పోసి, కడిగి, నీళ్లు నింపి పళ్లెం మూత పెట్టింది. దీపం ఆర్పి వంటగది వెనక తన చిన్న గదిలోకి పోయాడు.

పొద్దున మళ్లీ మంచు కురిసింది. షాహబాజ్ కారు తీసి, వేడెక్కడానికి ఇంజన్ ఆన్‌లో ఉంచి హారన్ కొట్టాడు. కాసేపు చూసి ఇంకోసారి కొట్టాడు. లింబాద్రి ఎన్నడూ ఎవరినీ నిలబెట్టిన మనిషి కాదు. షాహబాజ్ దిగి వెళ్లి తలుపు తట్టాడు. అది దగ్గరగా వేసే ఉంది.

లింబాద్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన అంగీ కుర్చీ వెనక వేలాడుతోంది. షాహబాజ్ పేరు పెట్టి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి అలాగే ఉంచాడు.

దౌలత్‌బీ ఏడుపు వీధిలోకి వినిపించింది. కల్పనకు ఫోను చేసింది ఆమే. "లింబన్న" అన్న మాట దాటి ఆమె ఏమీ చెప్పలేకపోతే, అవతలి నుంచి కల్పన, "అత్తా, నాయిన రేపు చేస్త అన్నడు గద," అని అడుగుతూనే ఉంది.

ముదీర్ ఖబరస్తాన్‌కు పోవడానికని పట్నం నుంచి వచ్చాడు. పోలీసులు, అంబులెన్సు వచ్చేదాకా మజ్లిస్ గుమ్మం పక్కన, నేల మీద కూర్చున్నాడు. ఎవరో వచ్చి మెత్త మీద కూర్చోమన్నారు. కూర్చోలేదు. విషయం తెలిసి వీధిలోంచి ఒకరిద్దరు ముసలివాళ్లు వచ్చారు. సూడానీ పంతులు వచ్చాడు, ఇప్పుడు చూపు సరిగా లేదు. వాళ్లూ గోడ వెంట కూర్చున్నారు. ఎవరికి ఓర్పు చెప్పాలో తెలియక ముదీర్‌కే చెప్పారు. కాఫీ పోసేవాళ్లు లేరు. నీళ్ల మిషను దగ్గర రాజలింగం, ఇంకా నలుగురు, టోపీలు తీసి నిలబడ్డారు.

స్ట్రెచర్‌ను తీసుకుపోయాక మంచు విడింది. ఎండ వంటగది కిటికీలోంచి లోపలికి వచ్చింది. గట్టు మీద గిన్నెకు మూసిన పళ్లెం ఒక పక్కకు ఒరిగి ఉంది; రాత్రంతా నీళ్లు తాగిన శనగలు లావెక్కి, దాన్ని పైకి ఎత్తాయి.